రెండు కిరణాల నీటి సంఘం

మా మనవరాలు హైమ పనిచేసే చోట వెలుగుకి నీటి సంఘం పెట్టారు. దానికి నేనే అధ్యక్షురాలిని. నవ్వకండి. ఎన్నిక జరిగింది, దండ వేశారు, ఆ దండలోని బంతిపూలు ఇంటికి తెచ్చుకుని గుమ్మానికి కట్టుకున్నాను. చదువంటారా, నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మ పురుడు పోసుకుంది. పసివాణ్ణి ఊపడానికి నన్ను బడి మాన్పించారు. ఆ పసివాడు ఇప్పుడు తాతయ్యాడు. నేను మాత్రం మళ్ళీ బడికి వెళ్ళలేదు. సంతకం వచ్చు. అధ్యక్షురాలికి అంతకంటే ఏం కావాలన్నారు.

ఆ సంస్థ ఏ జిల్లాలో ఉందో చెప్పను. చెబితే ఇంకో జిల్లావాళ్ళు తమకూ ఒకటి కావాలంటారు. మెట్ట ప్రాంతం, కంది చేలు, సరుగుడు తోటలు, మధ్యలో కిటికీలు లేని తెల్లటి భవనం. నేను డెల్టా చివర పుట్టినదాన్ని, మా ఇంటి వెనకే కాలువ. హైమకు ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు, పిల్ల తిండి మరిచిపోయే రకం కదా అని వండిపెట్టడానికి వచ్చి ఉండిపోయాను.

అది ఏం పని చేస్తుందో మొదటిసారి చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగాను.

"మిరియపు గింజంత గుళిక ఉంటుంది అమ్మమ్మా. దాన్ని అటునుంచీ ఇటునుంచీ లేజరు కిరణాలతో ఒక్కసారే కొడతాం. అన్నివైపులా సమానంగా నొక్కుకుపోతే లోపల చిన్న సూర్యుడు పుడతాడు."

"పుట్టాడా మరి?"

"ఇంకా లేదు."

"ఎన్నో నెల?"

హైమ నవ్వి, చిక్కుడు గింజ ఒకటి నా మీదకి విసిరింది. తర్వాత తిన్నగా చెప్పింది. గుళిక చుట్టూ ఉన్నదంతా మరిగి మరిగి ముక్కలైపోతే దాన్ని ప్లాస్మా అంటారట. అందులో రెండు కిరణాలు ఒకదాన్నొకటి దాటేటప్పుడు సన్నటి అలలు లేస్తాయట. ఆ అలల మీదుగా ఒక కిరణంలోని శక్తి రెండోదానిలోకి జారిపోతుంది. ఒక పక్క దెబ్బ ఎక్కువ, ఒక పక్క తక్కువ. గుళిక కిందపడ్డ జామకాయలా ఒక వైపు లొట్టపోతుంది. దానికి మందు కూడా హైమే కనిపెట్టింది. నష్టపోతున్న కిరణం రంగును వెంట్రుకవాసి ఎరుపు వైపు జరిపితే, పోయింది వెనక్కి వస్తుంది. ఎంత జరపాలో తేల్చుకోవాలంటే మాత్రం రెండు కిరణాలనూ కలిపి వదలాలి. దసరా లోపల ఆ ప్రయోగం జరిగి గుళిక గుండ్రంగా నొక్కుకుంటే హైమ ఉద్యోగం పర్మనెంటు. జరక్కపోతే కాంట్రాక్టు అయిపోతుంది, మేమిద్దరం క్వార్టరు ఖాళీ చేసి సామాను కట్టుకోవాలి. పిల్ల రెండేళ్ళుగా ఆ ఒక్క దానికోసమే బతుకుతోంది. నిద్రలో కూడా 'ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం' అంటుంది. పక్కింటావిడ చీరల గురించి అనుకుంది.

తూర్పు కిరణం త్రివిక్రమరావు గారిది, పడమటి కిరణం మృత్యుంజయశర్మ గారిది. హైమ శర్మ గారి కింద. ఎవరిదో రిటైర్మెంటు సభలో ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నప్పటినుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు. నష్టపోతున్నది పడమటి కిరణం. శర్మ గారు హైమ చెప్పిన మందు వినకుండానే ఫిర్యాదు రాసేశారు. 'మా కిరణమునందలి శక్తిని తూర్పు విభాగమువారు మార్గమధ్యమున అపహరించుచున్నారు.'

డైరెక్టరు గారు ఆ ఏడంతా విదేశాల్లో సదస్సుల్లో ఉన్నారు. ఫిర్యాదు పాలనాధికారి చెన్నకేశవులు గారి బల్ల మీదికి చేరింది. ఆయన ఇరిగేషన్ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన పెద్ద ఇంజనీరు. జీవితమంతా కాలువ గట్ల మీదే గడిచింది. మంచి మనిషి, చేతికి ముడుపు అంటని మనిషి. వెలుగు సంగతి తెలియదు గానీ, ప్రవాహం, దాటు, దొంగతనం ఈ మూడూ ఆయనకు కొట్టిన పిండి.

నేను హైమకు క్యారియరు పట్టుకెళ్ళేసరికి సమావేశం జరుగుతోంది. తలుపు తీసే ఉంది. పులుసు చల్లారిపోతుందని నేను అక్కడే నిలబడ్డాను.

"ఎగువ ఆయకట్టు ఎవరిది?" అని అడిగారు చెన్నకేశవులు గారు.

అందరూ హైమ వైపు తిరిగారు.

"పోనీ, శివారు భూములు ఎవరివి?"

"ఇక్కడ భూములు లేవు సార్," అంది హైమ. "రెండు కిరణాలు ఒకే గుళిక మీద పడతాయి..."

"ఒకే ఆయకట్టు, రెండు కాలువలు. దాటుకునే చోట ఒకదాని ప్రవాహం రెండోదానిలో పడుతోంది. అంతేనా?"

"అంతే సార్, కానీ..."

"దీన్ని శాఖాపరంగా అనధికార మళ్ళింపు అంటారు."

"ఎవరూ మళ్ళించట్లేదు సార్. అది ప్రకృతి ధర్మం."

చెన్నకేశవులు గారు కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "అమ్మాయ్, నా సర్వీసులో గట్టు తెంచిన ప్రతి రైతూ నాకు ఆ మాటే చెప్పాడు."

త్రివిక్రమరావు గారు లేచారు. "మేం తీసుకోలేదండీ. వచ్చి పడింది."

"వచ్చి పడితే తిరిగివ్వరా?" అన్నారు శర్మ గారు, గోడవైపు చూస్తూ.

"ఎక్కణ్ణుంచి ఇచ్చేది? వాడేశాంగా!"

మా ఊళ్ళో పర్వతాలు పిన్ని కోడిపెట్ట పక్కింటి గడ్డివాములో గుడ్లు పెట్టినప్పుడు సరిగ్గా ఈ మాటలే విన్నాను. ఆ గొడవ తీరేసరికి ఆ పెట్ట ముసలిదై పోయింది. నాకు అప్పుడే అనిపించింది, ఇది దసరా లోపల తేలేది కాదని.

మొదటి ఉత్తర్వు వారంలోనే వచ్చింది. దాటు దగ్గర కాపలాకు లస్కరును వేశారు. కాలువల మీద తూములు తిప్పే లస్కర్లు ఉంటారు కదా, అలాంటివాడే. చెన్నకేశవులు గారి పాత డివిజన్ నుంచి ఏసోబు అనే అతన్ని పిలిపించారు. ఖాకీ కోటు, ఈల, పొడవాటి గెడ, వాన టోపీతో దిగాడు.

"సార్, కిరణం ఉండేది ఎంతసేపనుకుంటున్నారు?" అంది హైమ. "సెకనును వందకోట్ల ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలసేపు."

చెన్నకేశవులు గారు గుమాస్తా వైపు తిరిగారు. "లస్కరు కన్నార్పరాదు. ఈ మాట ఉత్తర్వులో చేర్చండి."

ఇంకో చిక్కు వచ్చింది. కిరణం వదిలేటప్పుడు ఆ గదిలో మనిషి ఉండకూడదు, ఉంటే మిగలడు. అందుకని ఏసోబును ఉక్కు తలుపు బయట స్టూలు మీద కూర్చోబెట్టారు. నేను మజ్జిగ ఇస్తూ అడిగేదాన్ని.

"ఏం చూస్తున్నావయ్యా ఏసోబూ?"

"తలుపును చూత్తన్నానమ్మగారూ."

"ఎలా ఉంది?"

"తలుపు మంచిదే. మా లాకు తలుపులు ఇంత బాగుంటే నాకు ఈ నడుంనొప్పి వచ్చేదే కాదు."

అతని నివేదికను సభలో చదివారు. తలుపు గుండా ఎవరూ లోపలికి పోలేదు, ఎవరూ ఏమీ ఎత్తుకుని బయటికి రాలేదు, లోపల 'టప్' మని ఒక శబ్దం మాత్రం అయింది. దొంగతనం లోపలివాళ్ళ పనే అని దాంతో రుజువైందన్నారు.

రెండో ఉత్తర్వు అక్విడెక్టు. ఒక కాలువ మీదుగా ఇంకో కాలువ పోవాలంటే పైదానికి తొట్టిలా వంతెన కడతారు, కిందిది కింద పోతుంది, ఈ నీళ్ళూ ఆ నీళ్ళూ కలవవు. మా డెల్టాలో అలాంటివి ఎన్ని చూశానో. మా ఆడపడుచు పెళ్ళికి పడవలో వెళ్తుంటే తలమీదుగా ఇంకో కాలువ పోతోంది, పెళ్ళికూతురు నోరు తెరుచుకుని చూసింది, అక్కణ్ణుంచి నీటిచుక్క వచ్చి సరిగ్గా దాని నోట్లో పడింది. శుభమన్నారు. తర్వాత కాపురం బాగానే సాగింది.

చెన్నకేశవులు గారు అలాంటిదే ఆ గది లోపల కట్టమన్నారు. తూర్పు కిరణం రాగి గొట్టంలోంచి పోవాలి, పడమటిది గొట్టం కిందనుంచి.

"గొట్టం ఆవిరైపోతుంది సార్," అంది హైమ.

"నాసిరకం అయితే అవుతుంది."

"ఏ రకమైనా అవుతుంది సార్!"

"నువ్వు కాంట్రాక్టర్ల తరఫున మాట్లాడకూడదమ్మాయ్."

మొదటి గొట్టం ఆవిరైంది. రాగి అంతా లోపలి అద్దాలకు పట్టి, ఆ గది కొత్త రాగి బిందెలా మెరిసింది. హైమ, దాని స్నేహితులు దూదితో అద్దాలు తుడుచుకుంటూ శ్రావణ మాసమంతా గడిపారు. పిల్ల వేళ్ళ చివర్లు పొక్కిపోతే రోజూ నెయ్యి రాశాను. రెండో గొట్టం ఎంత మందంగా చేయించారంటే దానికి నోరు మిగల్లేదు. కిరణం గొట్టం మూతికి తగిలి అక్కడే ఆగింది. మళ్ళింపు పూర్తిగా అరికట్టబడినది అని శర్మ గారు ఆఫీసంతా లడ్డూలు పంచారు. త్రివిక్రమరావు గారి గదికి పంపలేదు. ఆయన వెంటనే ఫిర్యాదు రాశారు, 'మా కిరణము గమ్యమునకు చేరుటలేదు, లడ్డూ కూడ చేరలేదు' అని.

అప్పుడు చెన్నకేశవులు గారికి అసలు లోపం తట్టింది. ఇంత పెద్ద ప్రాజెక్టుకు వినియోగదారుల సంఘం లేదు! కాలువలన్నిటికీ నీటి సంఘాలున్నాయి, రైతులు ఎన్నుకున్న అధ్యక్షులున్నారు, వంతులు వాళ్ళే తీర్మానించుకుంటారు. ఇక్కడ ప్రజల భాగస్వామ్యమే లేదు. దొంగతనాలు జరగవా మరి?

సంఘం సరే, వినియోగదారుడెవరు? దీనిమీద ఒక రోజంతా చర్చ జరిగింది.

"న్యాయంగా ఆయకట్టుదారు ఆ గుళికే," అన్నారు చెన్నకేశవులు గారు. "ప్రవాహం చివరికి చేరేది దానికే."

"గుళిక ప్రతి ప్రయోగంలోనూ పోతుంది సార్," అన్నాడు గుమాస్తా.

"మృతులకు ఓటు లేదు. తర్వాతి హక్కుదారు?"

ఎప్పటికైనా ఈ సూర్యుడు పుడితే కరెంటు వస్తుంది. ముందుగా వాడుకునేది క్వార్టర్లవాళ్ళే. కాబట్టి క్వార్టర్లలో ఉండేవాళ్ళే వినియోగదారులు. ఏ కిరణం విభాగంలోనూ ఉద్యోగం చేయనివాళ్ళే పోటీ చేయాలి. ఆ పదవి మహిళలకు కేటాయించారు. మిగతా ఆడవాళ్ళందరూ ఎవరో ఒక ఉద్యోగి భార్యలే, పక్షపాతం వస్తుంది. శర్మ గారి భార్య నిలబడతానంటే త్రివిక్రమరావు గారి భార్య కూడా చీర మార్చుకుని వచ్చింది. ఇద్దరినీ పక్కన పెట్టారు. నేను మెట్ల మీద కూర్చుని మెంతికూర తుంచుకుంటున్నాను. అమ్మమ్మల పక్షపాతం గురించి రూల్సులో లేదు, అందరూ నావైపు చూశారు.

ఏకగ్రీవం.

నిజం చెప్పొద్దూ, నాకు బాగానే అనిపించింది. మా ఊళ్ళో డెబ్భై ఏళ్ళలో నన్ను 'గారూ' అని పిలిచింది పోస్టుమాను ఒక్కడే. ఇప్పుడు చెన్నకేశవులు గారంతటివారు లేచి నిలబడి "అధ్యక్షురాలు గారూ, తమరు దయచేయాలి" అనేవారు. చేతుల కుర్చీ వేశారు. టీలో ఏలకులు పడ్డాయి.

మొదటి తీర్మానం నాకు చదివి వినిపించారు. 'రెండు కిరణములకును సమన్యాయము కలుగునట్లు వారబందీ విధానము అమలుపరచుటకు సంఘము ఏకగ్రీవముగ తీర్మానించడమైనది.' వారబందీ అంటే నాకు తెలుసు. నీళ్ళు చాలనప్పుడు ఈ కాలువకు కొన్నాళ్ళు, ఆ కాలువకు కొన్నాళ్ళు వదులుతారు. సమన్యాయం అన్నారు, వద్దంటానా? 'సీతారావమ్మ' అని గుండ్రంగా రాసి, చివర సున్నా కూడా చుట్టాను.

ఇంటికి వెళ్తే హైమ అన్నం ముందు కూర్చుని ఉంది. కలపలేదు.

"సంతకం పెట్టావా అమ్మమ్మా?"

"పెట్టాను తల్లీ. ఇద్దరికీ సమానంగా వదులుతారట. మొదటి మూడు రోజులు తూర్పుది, తర్వాత మూడు రోజులు పడమటిది, ఆదివారం సెలవు."

"రెండూ ఒకేసారి వదలాలే నాకు! ఒకే క్షణంలో! ఒకటి సోమవారం, ఒకటి గురువారం కొడితే ఏం నొక్కుకుంటుంది? చపాతీ పిండి ఒక పక్కే తోస్తే ఏమవుతుంది?"

"బల్ల మీంచి పడుతుంది," అన్నాను.

"అదే అవుతుంది."

అదే అయింది. తూర్పు కిరణం వంతు రోజున గుళిక ఎగిరి పడమటి గోడకు కొట్టుకుంది. పడమటి కిరణం వంతు రోజున కొత్త గుళిక తూర్పు గోడకు కొట్టుకుంది. చెన్నకేశవులు గారు ఒక్క ప్రశ్నే వేశారు.

"వంతు ప్రకారమే కొట్టుకుందా?"

"వంతు ప్రకారమే సార్."

"ఫిర్యాదులు?"

"లేవు సార్."

కిరణాలు అసలు కలుసుకోవడమే లేదు కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి ఏమీ తీసుకోవడం లేదు. మళ్ళింపు సున్నా. దేశంలో ఇలాంటి యంత్రం దగ్గర మళ్ళింపు సున్నా అయింది ఇక్కడేనట. రాజధానికి పిలిచి షీల్డు ఇచ్చారు. నాకు శాలువా కప్పారు. ఏసోబుకు కొత్త ఈల ఇచ్చారు. సూర్యుడి సంగతి ఎవరూ అడగలేదు, అది వేరే పద్దు కిందికి వస్తుందట.

హైమ మాత్రం నాతో మాట్లాడ్డం మానేసింది. కోపం చూపించి ఉంటే నేను కూడా రెండు మాటలనేదాన్ని. అది మౌనంగా వచ్చి, మౌనంగా తిని, కంచం కడిగి బోర్లించేది. ఒక సాయంత్రం అటక మీంచి ట్రంకు పెట్టె దింపి దుమ్ము దులిపింది. దసరా రేపో ఎల్లుండో అన్నట్టుంది. నా పూల దండ ఇంకా గుమ్మానికి ఎండి వేలాడుతోంది. దాన్ని పీకేశాను.

మర్నాడు పొద్దున్నే సున్నుండలు డబ్బాలో పెట్టుకుని చెన్నకేశవులు గారి గదికి వెళ్ళాను. అడిగేద్దామనే వెళ్ళాను. 'బాబూ, నా సంతకం నాకు ఇచ్చేయండి' అని.

"తీర్మానం వెనక్కి తీసుకోడానికి మూడింట రెండు వంతుల కోరం ఉండాలమ్మగారూ," అన్నారు ఆయన, సున్నుండ అందుకుంటూ. "మిగతావాళ్ళందరినీ పక్షపాతమని తీసేశాం, సంఘంలో మీరొక్కరే కదా. మీలో మూడింట రెండు వంతులంటే లెక్క కుదరదు."

ఏం చేయను? కూర్చున్నాను. గోడ మీద ఆయన పడుచుతనంలో దిగిన ఫోటో ఉంది, గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎక్కడిదని అడిగాను.

ఆ మనిషి ముఖం మారిపోయింది. అది పెద్ద వరద వచ్చిన ఏడట. గొంతు కూడా మారింది. "పై నుంచి నీళ్ళు కొండల్లా వస్తున్నాయమ్మగారూ. పైవాళ్ళకి ఫోన్లు కలవవు. నేనే నిర్ణయం తీసుకున్నాను. గేట్లన్నీ ఒక్కసారి ఎత్తించేశాను. అన్నీ! ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గట్టు నిలబడింది. నా సర్వీసులో నేను పనిచేసింది ఆ ఒక్క రోజే అనిపిస్తుంది."

"అప్పుడు వంతులు చూడలేదా బాబూ?"

"వరదలో వంతేమిటమ్మా! వారబందీ రద్దయిపోతుంది. ఎవరి నీళ్ళు ఎవరికి పోయినా అడగరు. అది రూలే."

"మరి..." అన్నాను, డబ్బా మూత పెడుతూ, "ఈ వెలుగుకి వరద రాదా?"

ఆయన నమలడం ఆపేశారు. ఆ ఫోటో వైపు చూశారు. తర్వాత బీరువాలోంచి లావుపాటి రూల్సు పుస్తకం తీసి తిరగేశారు. చివరికి ఎంతో భక్తిగా మూసి, "రాకూడదని ఎక్కడా లేదు," అన్నారు.

హైమను పిలిపించారు.

"అమ్మాయ్, ఎగువ నుంచి రెండు కాలువలూ పూర్తిగా వదిలితే ప్రవాహం ఎంత ఉండొచ్చు?"

పిల్ల నావైపు చూసింది, ఆయన వైపు చూసింది. తెలివైనది, మారు ప్రశ్న వేయలేదు. "ప్రమాద స్థాయి దాటుతుంది సార్."

"ఎప్పుడు?"

"దసరా ముందు రోజు, ఉదయం పదకొండుకు సార్."

"అంత కచ్చితంగానా?"

"మీ గేజీలకంటే మా గేజీలు కొంచెం కొత్తవి సార్."

ఆ తర్వాత ఆయన్ని పట్టడానికి వీల్లేకపోయింది. ఇరవై ఏళ్ళు చిన్నవాడైపోయారు. గొడుగు పట్టుకుని తిరిగేవారు, చుక్క వాన లేదు. మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఏసోబు టముకు వేసుకుంటూ క్వార్టర్ల మధ్య తిరిగాడు. "వెలుగు వరద వత్తందహో! అందరూ మెరక్కి పోవాలహో!" కిరణాల గది చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. జనాన్ని లారీల్లో పక్క ఊరి హైస్కూలుకు తరలించి పులిహోర పొట్లాలిచ్చారు. త్రివిక్రమరావు గారి కుక్కపిల్లను ఏ కోవలో రాయాలో తెలియక పశువుల కింద రాసి, ఒక కట్ట ఎండుగడ్డి మంజూరు చేశారు. త్రివిక్రమరావు గారు, శర్మ గారు ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. పులిహోర బాగుందని ఒకరు అంటే రెండోవారు ఉప్పు చాల్లేదన్నారట. ఎన్నేళ్ళకో మాటలు కలిశాయి.

అధ్యక్షురాలు గట్టు వదలకూడదు కాబట్టి నేను ఉండిపోయాను. యంత్రాలు నడిపే గదిలో హైమ పక్కన ఒక ఇసుక బస్తా వేసి నన్ను దానిమీద కూర్చోబెట్టారు. హైమ చిన్న మరను చిటికెన వేలితో తిప్పుతోంది. పడమటి కిరణం రంగట. నాకు ఏ తేడా కనపడలేదు.

"ఇంకొంచెం ఎరుపు," అంటోంది దానిలో అదే. నేను చెయ్యి పట్టుకోబోయి, మర కదులుతుందేమోనని దాని జడ పట్టుకున్నాను.

చెన్నకేశవులు గారు గొడుగు తెరిచి, మా గది నడుమ నిలబడి అరిచారు. "గేట్లన్నీ ఎత్తండి!"

టప్ మంది. అంతే. వరదంటే ఇంతేనా అనుకున్నాను.

ఎదురుగా తెర మీద ఒక చుక్క వెలిగింది. గుండ్రంగా, మా అత్తగారు అద్దం చూడకుండా పెట్టుకునే బొట్టులా, ఏ పక్కా వంకర లేకుండా. హైమ ఆ చుక్కను చూస్తూ చూస్తూ కుర్చీలోంచి జారి నా ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ, "పుట్టాడా తల్లీ?" అన్నాను.

"ఇంకా లేదు అమ్మమ్మా," అంది ముక్కు తుడుచుకుంటూ. "కానీ కడుపులో తిరిగాడు."

దసరా సెలవుల తర్వాత హైమ ఉద్యోగం గురించి కమిటీ కూర్చుంది. గుళిక గుండ్రంగా నొక్కుకున్న మాట నిజమేనన్నారు. అయితే వరద సమయంలో తీసిన కొలతలు ప్రామాణికం కావట, ఆ రూలు చెన్నకేశవులు గారే చూపించారు, ఎంతో బాధపడుతూ. పడమటి కిరణం పోగొట్టుకున్నది తిరిగి రాబట్టుకోవడాన్ని 'ముంపు' కింద రాశారు. ప్రాణనష్టం, గుళిక ఒకటి. చేసిన పని మొత్తం ప్రకృతి వైపరీత్యం కింద జమైంది కాబట్టి హైమ చేసినట్టు చెప్పడానికి ఏమీ లేదు. పర్మనెంటు కుదరదు, కాంట్రాక్టు గడువు కూడా ముగిసింది.

హైమ తల వంచుకుని వింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంటికి పోయి పెట్టె సర్దడమే అనుకున్నాను.

"అయితే," అన్నారు చెన్నకేశవులు గారు, కళ్ళజోడు సర్దుకుని, "వరద విధుల్లో ఉన్న సిబ్బందిని వరద తగ్గేవరకూ రిలీవ్ చేయడానికి వీల్లేదు. ముంపు ప్రాంతంలో ఇళ్ళు ఖాళీ చేయించడానికీ వీల్లేదు. వరద తగ్గేవరకూ వారబందీ కూడా రద్దులోనే ఉంటుంది. గేట్లు ఎత్తే ఉంటాయి."

"తగ్గిందని ఎవరు చెప్పాలి?" అని అడిగారు కమిటీ పెద్దాయన.

"వినియోగదారుల సంఘం అధ్యక్షురాలు."

అందరూ నావైపు తిరిగారు. నేను శాలువా సర్దుకున్నాను.

ఇప్పటికి రెండు సంక్రాంతులు పోయాయి. హైమ రోజూ పొద్దున్నే వెళ్ళి రెండు కిరణాలనూ కలిపి వదులుతోంది. శర్మ గారు, త్రివిక్రమరావు గారు ఇద్దరూ వరద బాధితుల కోటాలో దుప్పట్లు తీసుకున్నారు. ఏసోబు తలుపు దగ్గర నీటిమట్టం కొలిచే కర్ర పాతి, ఉదయం సాయంత్రం చూసి 'స్థిరంగా ఉంది' అని చెప్పి పోతున్నాడు. చెన్నకేశవులు గారు డిప్యుటేషన్ పొడిగించమని తనంతట తానే రాసుకున్నారు. ఇంత సుదీర్ఘమైన వరదను వదిలి ఏ ఇంజనీరు వెళ్తాడు?

కిందటి వారం పైనుంచి పరిశీలన బృందం వచ్చింది. రబ్బరు బూట్లు వేసుకుని జీపు దిగారు. దుమ్ము రేగి తుమ్మారు. క్వార్టర్ల గోడలు, కంది చేలు, ఎండలో పడుకున్న కుక్కను పరిశీలించి రాసుకున్నారు. చివరికి నా దగ్గరికి వచ్చారు. నేను గడప మీద కూర్చుని అప్పడాలు ఎండబెట్టుకుంటున్నాను.

"అధ్యక్షురాలు గారూ, పరిస్థితి ఎలా ఉంది? తగ్గుముఖం పట్టిందా?" అని అడిగారు వాళ్ళలో పెద్దవాడు, కలం పట్టుకుని.

తెల్ల భవనం వైపు చూశాను. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అంటే పిల్ల లోపల పనిలో ఉంది.

"ఎక్కడ బాబూ," అన్నాను, అప్పడం తిరగేస్తూ, "ఇంకా పెరుగుతోంది."